ముడుమాల్ నిలువురాళ్లు: సమాధి గుర్తులా? కాలగణన సాధనాలా? – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇవి మృతుల స్మారకాలని కొందరు, సూర్యగమనాన్ని గుర్తించడానికి నిలిపిన సాధనాలని మరికొందరు భావిస్తున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని బృహచ్ఛిలా సమాధులు, కర్ణాటకలోని హనమసాగర్ శిలాపంక్తులు, ఆదివాసుల స్మారకశిలా సంప్రదాయం – ఈ మూడింటితో పోల్చి ఆయా వాదాల బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఏ వాదం నిలవాలన్నా ఆధారం పెద్దరాళ్లలో కన్నా చిన్నరాళ్లలోను, రాళ్ల నడుమ దూరాలలోను ఉన్నదని, రక్షణ కూడా ఆ దృష్టితోనే జరగాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బృహచ్ఛిలాయుగం, నిలువురాయి, శిలాపంక్తి, ముడుమాల్, మక్తల్, అయనాంతం, స్మారకశిల.

1. ఉపోద్ఘాతం

తెలంగాణలో బృహచ్ఛిలాయుగపు సమాధులు కనిపించని జిల్లా అరుదు. రాళ్ల వలయాలు, బండలు పేర్చిన గూళ్లు, పాతిన నిలువురాళ్లు ఊరి పొలిమేరల్లో, గుట్టల వాలుల్లో తరచుగా కనబడతాయి. జనం వాటిని రాకాసిగుళ్లనీ, పాండవుల గుళ్లనీ పిలుచుకొన్నారు. ఈ పేర్లలో ఒక అంగీకారం దాగి ఉంది: ఇవి మన తాతముత్తాతల జ్ఞాపకానికి అందని కాలానివి, మామూలు మనుషులు ఎత్తలేని రాళ్లతో కట్టినవి. పురావస్తు శాస్త్రం వాటిని తవ్వి, అస్థికలు, నలుపు ఎరుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు వెలికితీసి, రాకాసుల పని కాదు, మనుషుల సమాధులేనని తేల్చింది.

ఈ నిర్ణయం ఒక అలవాటుకు దారితీసింది. పాతిన పెద్దరాయి కనబడితే చాలు, దానిని సమాధి గుర్తుగా భావించడం పరిపాటి అయింది. చాలాచోట్ల అది నిజమే. మక్తల్ ప్రాంతపు కృష్ణాతీరంలోని ముడుమాల్‌లో మాత్రం ఆ అలవాటు ప్రశ్నకు గురైంది.

2. క్షేత్ర పరిచయం

కృష్ణానది తెలంగాణలోకి ప్రవేశించే తంగడి సమీపంలోనే భీమానది దానిలో కలుస్తుంది. ఆ సంగమానికి దిగువన, నదికి ఉత్తరపు ఒడ్డున ముడుమాల్ గ్రామం ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా మాగనూరు మండలంలో ఉండిన ఈ గ్రామం నేడు నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలోనిది. మక్తల్ శాసనసభ నియోజకవర్గానికి చెందినది. నది దాటితే కర్ణాటక రాష్ట్రపు రాయచూరు సీమ.

సుమారు 80 ఎకరాల విస్తీర్ణంలో, చేల నడుమ, 10 నుంచి 14 అడుగుల ఎత్తు గల నిలువురాళ్లు దాదాపు 80 ఉన్నాయి. వీటికి తోడు వరుసలుగా పేర్చిన చిన్నరాళ్లు దాదాపు 3,000 ఉన్నట్లు పరిశోధకులు లెక్కించారు. వీటి కాలాన్ని నేటికి 3,500 నుంచి 4,000 సంవత్సరాల క్రిందటిదిగా అంచనా వేశారు.

ఒక్క రాయిని నిలబెట్టడానికి పట్టిన శ్రమను ఊహించడానికి చిన్న లెక్క చాలు. 12 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం గల గ్రానైటు జాతి రాయి 72 ఘనపుటడుగులు. ఘనపుటడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది గనుక ఆ రాయి బరువు 5 టన్నులు మించుతుంది. నేలలో పాతిన భాగం దీనికి అదనం. ఇటువంటి రాళ్లను ఒకటి కాదు, పదులకొద్దీ నిలిపినవారికి కూడిన జనం, మిగులు ధాన్యం, పని పంచి నడిపించే పెద్దరికం ఉండి తీరాలి. కాబట్టి 'ఎందుకు నిలిపారు' అనే ప్రశ్న వింతను గురించిన కుతూహలం కాదు. ఆనాటి సమాజం దేనికోసం తన శక్తిని వెచ్చించిందన్న చరిత్ర ప్రశ్న.

3. పూర్వ పరిశోధనలు

కృష్ణా–భీమా నదుల నడుమ ప్రాంతపు శిలాస్మారకాలను తొలుత వివరంగా నమోదు చేసినవాడు సురపురం సంస్థానంలో బ్రిటిషు అధికారిగా పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్. 19వ శతాబ్ది మధ్యలో అతడు రాసిన వ్యాసాలను నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ 1941లో గులాం యజ్దానీ సంపాదకత్వంలో ఒక సంపుటంగా ప్రచురించింది. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపి, బృహచ్ఛిలా సమాధుల కాలాన్ని క్రీ.పూ. 200 మొదలు క్రీ.శ. ఒకటవ శతాబ్ది మధ్య వరకని నిర్ణయించాడు. తరువాతి రేడియోకార్బన్ పరీక్షలు దక్షిణాదిన ఇనుము వాడుకను అంతకు ఎన్నో శతాబ్దాల వెనక్కు నెట్టాయి.

శిలాపంక్తులను సమాధుల నుంచి వేరుచేసి ఒక ప్రత్యేక సమస్యగా చూపినవాడు ఎఫ్.ఆర్. ఆల్చిన్. దక్షిణ హైదరాబాదు రాష్ట్రంలోని శిలాపంక్తులను గురించి అతడు 1956లో వ్యాసం ప్రచురించాడు. అదే సంవత్సరం నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. రాయచూరు, గుల్బర్గా ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలోను, మహబూబ్‌నగర్ ఆంధ్రప్రదేశ్‌లోను చేరాయి. ఆల్చిన్ ఒకే సముదాయంగా చూసిన శిలాపంక్తుల సీమ అలా రెండు రాష్ట్రాల నడుమ చీలిపోయింది. ముడుమాల్‌ను హనమసాగర్, విభూతిహళ్లి వంటి స్థలాలతో కలిపి చదవవలసిన అవసరం అందువల్లనే మరింత ఉంది.

ఇటీవలి కాలంలో ముడుమాల్‌ను దీర్ఘకాలం పరిశీలించినవారు హైదరాబాదు విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకు చెందిన ఆచార్య కె.పి. రావు. ఈ రాళ్ల వరుసలకు అయనాంత, విషువద్దినాల సూర్యోదయాస్తమయాల దిక్కులతో సంబంధం ఉన్నదని వారి ప్రతిపాదన.

4. సమాధివాదం: విశ్వవిద్యాలయ ప్రాంగణ సాక్ష్యం

సమాధివాదానికి స్పష్టమైన నమూనా కె.పి. రావు పనిచేసిన ప్రాంగణంలోనే ఉంది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు గచ్చిబౌలి ప్రాంగణంలో బృహచ్ఛిలాయుగపు సమాధులున్నాయి. వారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో మట్టిపాత్రలు, చిన్న కత్తులు, అలుగులు వంటి ఇనుప వస్తువులు లభించాయి. ఇవి సుమారు క్రీ.పూ. 2200 నాటివని 2015లో వారు ప్రకటించినపుడు, ఇనుము ప్రాచీనతను గురించి దేశవ్యాప్తంగా చర్చ రేగింది. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన తవ్వకంలోనూ భారీ కప్పుబండ క్రింద మానవ అస్థికలు, మట్టిపాత్రలు బయటపడ్డాయి.

ఈ రెండుచోట్లా తర్కం సరళమైనది. నేలపైన రాయి ఒక గుర్తు. నేలక్రింద ఆ గుర్తుకు అర్థం చెప్పే వస్తువులు. గుర్తునూ అర్థాన్నీ తవ్వకం ముడివేసింది. పైగా సమాధి తనకు తానే సంపూర్ణం. ఒక వలయాన్ని తవ్వితే దానిని గురించి తెలుస్తుంది. పక్క వలయం ఎంత దూరాన ఉన్నదన్న విషయం రెండవ స్థాయి ప్రశ్న.

ముడుమాల్ నిర్మాణం ఇందుకు భిన్నం. అక్కడ ఒక రాయిని విడిగా చూస్తే ఏమీ తేలదు. వరుస, వరుసకూ వరుసకూ ఉన్న ఎడం, పెద్దరాళ్లకూ చిన్నరాళ్లకూ ఉన్న పొందిక – ఇవే అక్కడి ప్రత్యేకత. శవాన్ని పాతిన చోటును గుర్తించడానికి వేల చిన్నరాళ్లను బారులు తీర్చవలసిన పని లేదు. సమాధివాదం ఇక్కడ బలహీనపడేది ఈ కారణంగానే.

5. ఖగోళవాదం: బలాబలాలు

5.1 సూర్యోదయ రేఖలు

ముడుమాల్ సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఈ అక్షాంశంలో, క్షితిజం చదునుగా ఉన్నచోట, ఉత్తర అయనాంతం నాడు సూర్యుడు సరిగ్గా తూర్పుకు 24.5 డిగ్రీలు ఉత్తరంగా, దక్షిణ అయనాంతం నాడు అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. ఏడాది పొడవునా ఉదయబిందువు దాదాపు 49 డిగ్రీల మేర అటూ ఇటూ జరుగుతుంది. భూమి అక్షపు వంపు క్రీ.పూ. 1500 నాడు నేటికన్నా కొంత ఎక్కువ. అయినా ఆ తేడా ఉదయబిందువును అర డిగ్రీ లోపే మారుస్తుంది. అంటే నేడు క్షేత్రంలో నిలబడి చేసే పరిశీలన ఆనాటి స్థితికి చాలా దగ్గరగా ఉంటుంది. ఇది ఖగోళవాదానికి అనుకూలాంశం.

ప్రతికూలాంశం కూడా లెక్కలోనే ఉంది. 80 రాళ్లను జతలుగా తీసుకుంటే 3,160 రేఖలు ఏర్పడతాయి. రాళ్లను ఏ ఉద్దేశమూ లేకుండా వెదజల్లినా, ఆ రేఖలలో సుమారు 35 ఒక అయనాంత సూర్యోదయ దిక్కుకు ఒక డిగ్రీ అటూ ఇటూగా పడతాయి. రెండవ అయనాంతానికీ, విషువద్దినానికీ కూడా అంతే. కాబట్టి 'ఈ రెండు రాళ్ల నడుమ అయనాంత సూర్యుడు ఉదయిస్తున్నాడు' అని చూపడం, దాని ఛాయాచిత్రం తీయడం నిరూపణ కాదు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ విషయంలో ఈ వివాదమే నడిచింది. అది ఖగోళ గణనయంత్రమని జెరాల్డ్ హాకిన్స్ 1960లలో వాదించగా, అక్కడ తవ్వకాలు జరిపిన రిచర్డ్ అట్కిన్సన్ ఆ వాదాన్ని 1966లో తీవ్రంగా ఖండించాడు. ఆ వివాదం నేర్పిన పాఠం: జతలు సాక్ష్యం కావు, అనేక రాళ్లు ఒకే దిక్కున పదేపదే నిలిచిన వరుసలే సాక్ష్యం.

ముడుమాల్ బలం ఇక్కడే. అక్కడ ఉన్నవి జతలు కావు, వరుసలు. పోలికకు హనమసాగర్ ఉంది. కృష్ణా–భీమా నదుల నడుమ, దాదాపు ఇదే అక్షాంశంపై ఉన్న ఆ స్థలంలో సుమారు 2,500 రాళ్లు దిక్కులననుసరించి బారులుగా నిలిచి ఉన్నాయి. ఖగోళశాస్త్రజ్ఞుడు ఎన్. కామేశ్వరరావు భారతదేశపు ప్రాగైతిహాసిక ఖగోళ విజ్ఞానాన్ని గురించి 2005లో ప్రచురించిన వ్యాసంలో వీటిని చర్చించారు. ఒకే అక్షాంశంపై ఉన్న రెండు స్థలాలలో సూర్యుని ఉదయబిందువులు ఒకటే. వాటి రెండింటి వరుసలు స్వతంత్రంగా ఒకే కోణాలను చూపితే, యాదృచ్ఛికమనే మాటకు చోటుండదు.

5.2 సప్తర్షి గుంటలు

ముడుమాల్‌లోని ఒక రాతిపై తొలిచిన చిన్న గుంటల సముదాయంలో సప్తర్షి మండలపు ఆకృతి ఉన్నదని గుర్తించారు. ఈ విషయం బాగా ప్రచారమైంది. సప్తర్షులలోని రెండు నక్షత్రాలను కలిపే గీతను పొడిగిస్తే ధ్రువతార చేరుతుందన్న మాటనూ దీనికి జతచేస్తుంటారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. భూమి అక్షం సుమారు 26,000 సంవత్సరాలకు ఒక ఆవృత్తి తిరుగుతుంది. అందువల్ల క్రీ.పూ. 1500 ప్రాంతంలో నేటి ధ్రువతార ఉత్తర ధ్రువబిందువుకు 15 డిగ్రీలకు పైగా దూరంలో ఉంది. అంతకు ముందు, క్రీ.పూ. 2800 ప్రాంతంలో, ధ్రువస్థానానికి చేరువగా ఉండినది తూబాన్ అనే మరొక నక్షత్రం. ఆ రాతిపై ఉన్నది సప్తర్షి మండలమే అయినా, నేటి ధ్రువతారను చూపడం దాని ప్రయోజనం కాజాలదు. ఆకాశాన్ని గమనించిన మనుషుల ఆనవాలుగా ఆ గుంటలకు విలువ ఉంది. ఆ విలువకు ధ్రువతార ఊతం అక్కరలేదు.

6. మూడవ అవకాశం: అస్థికలు లేని స్మారకం

సమాధివాదులు, ఖగోళవాదులు ఇరువురూ ఒక విషయాన్ని అంగీకరించినట్లే కనబడుతుంది: రాయి క్రింద ఎముక ఉంటే అది మరణానికి సంబంధించినది, లేకపోతే కాదు. ఈ అంగీకారమే సందేహాస్పదం.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండలలోను, పక్కనున్న ఒడిశాలోను నివసించే సవరల సంప్రదాయంలో మృతదేహాన్ని దహనం చేస్తారు. తరువాత జరిపే గువార్ అనే కర్మలో మృతుని పేర ఒక రాయిని నాటుతారు. ఆ రాళ్లు ఒకచోట కూడి, తరతరాలుగా పెరుగుతూ పోతాయి. గదబలలోనూ మృతుల స్మృతికి రాళ్లు నిలిపే ఆచారం ఉంది. హైదరాబాదు రాష్ట్ర ఆదివాసులపై చేసిన కృషితో తెలుగువారికి పరిచితుడైన హైమెన్‌డార్ఫ్ దానిని 1940లలో నమోదు చేశాడు. ఈ రాళ్ల క్రింద తవ్వితే అస్థికలు దొరకవు. అయినా అవి సంపూర్ణంగా మరణస్మారకాలే.

నేటి ఆదివాసుల ఆచారాన్ని మూడున్నర వేల ఏళ్ల వెనక్కు యథాతథంగా మోసుకుపోవడం సరికాదు. కాని ఈ ఉదాహరణ ఒక తార్కిక దోషాన్ని సరిదిద్దుతుంది. ముడుమాల్ రాయి క్రింద ఎముకలు లేకపోవడం దానిని కాలగణన సాధనంగా మార్చదు. అలాగే సూర్యుని వైపు తిరిగి ఉండడం దానిని స్మారకం కాకుండా చేయదు. తెలుగువారి ఇళ్లలో శ్రాద్ధకర్మకు తిథి చూడడం, పితృకార్యానికి దక్షిణ దిక్కు పాటించడం నేటికీ ఉన్నాయి. మృతుల స్మరణకూ కాలగణనకూ, దిక్కుకూ ఉన్న ఈ అనుబంధం తెలిసినవారికి 'సమాధా, పంచాంగమా' అనే ప్రశ్నలోని విడదీత కొంత కృత్రిమంగా తోచక మానదు.

7. నిలురాళ్ల తిమ్మప్ప

గ్రామస్థులు ఈ రాళ్లను 'నిలురాళ్ల తిమ్మప్ప' అని కొలుస్తారు. ఒక రాయి ఎల్లమ్మగా పూజలందుకొంటున్నది. పాలమూరు–రాయచూరు సీమలో తిమ్మప్ప అంటే వేంకటేశ్వరుడు; మల్దకల్ తిమ్మప్పను ఎరగనివారు ఈ ప్రాంతంలో అరుదు. ఊరికి అర్థం తెలియని ప్రాచీన శిలకు తనకు తెలిసిన దేవుని పేరు పెట్టుకోవడం ఇక్కడ జరిగింది. ఫ్రాన్సులోని కర్నాక్‌లో 3,000కు పైగా ఉన్న నిలువురాళ్లను, ఒక సాధువును తరుముతూ వచ్చి శిలలుగా మారిన సైనికులుగా అక్కడి జనం చెప్పుకొన్నారు. ఆ క్షేత్రం 2025 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఈ పేరును మూలార్థానికి ఆధారంగా తీసుకోలేము. వైష్ణవ నామం ఆ రాళ్లకన్నా వేల ఏళ్లు చిన్నది. కాని రాళ్లు నేటివరకు నిలవడానికి గల కారణంగా దీనిని చరిత్రకారుడు నమోదు చేయాలి. దేవుడన్న భావనే గొడ్డలికీ గునపానికీ అడ్డు నిలిచింది. అయితే ఆ భావన కాపాడినది దేవుడిలా కనిపించే పెద్దరాయిని. మోకాలెత్తు లేని చిన్నరాయికి ఏ పేరూ లేదు, ఏ పూజా లేదు. నాగలికి అడ్డం వచ్చినపుడు గట్టుకు చేరేది అదే.

8. ఆధారం ఎక్కడుంది?

పై వాదాలలో ప్రతి ఒక్కటీ క్షేత్రంలో వేరువేరు ఆనవాళ్లను కోరుతుంది. సమాధివాదం నిలవాలంటే రాతి మొదట్లోనో, సమీపంలోనో ఖనన సామగ్రి కావాలి. ఖగోళవాదం నిలవాలంటే వరుసలు చెదరకుండా ఉండాలి. స్మారకవాదం నిలవాలంటే రాళ్లు ఒక్కసారిగా కాక తరతరాలుగా నాటబడినట్లు తేలాలి. రాయి వయసును రాయి చెప్పదు. దానిని పాతిన గుంటలో చిక్కుకొన్న బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలోను, ఆ గుంటలోని మట్టి చివరిసారి వెలుతురు చూసిన కాలాన్ని కాంతి ఉద్దీపన పద్ధతిలోను పరీక్షించాలి. వేరువేరు రాళ్ల గుంటలు ఒకే కాలాన్ని చూపుతాయా, శతాబ్దాల ఎడాన్ని చూపుతాయా అన్నదే కీలకం. పడిపోయిన రాయిని సదుద్దేశంతో లేపి, సిమెంటు పోసి నిలబెట్టినా ఈ సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది.

దూరాల విషయం మరింత సున్నితమైనది. 100 అడుగుల ఎడంలో ఉన్న రెండు రాళ్లలో ఒకటి ఒక్క అడుగు పక్కకు జరిగితే రేఖ దిశ 0.57 డిగ్రీలు మారుతుంది. సూర్యబింబపు వెడల్పే సుమారు 0.53 డిగ్రీలు. విషువద్దినాల సమీపంలో ఉదయబిందువు ఈ అక్షాంశంలో రోజుకు సుమారు 0.4 డిగ్రీలు జరుగుతుంది గనుక, ఒక్క అడుగు జరుగుబాటు దాదాపు ఒకటిన్నర రోజుల తేడాకు సమానం. 12 అడుగుల రాయి 5 డిగ్రీలు ఒరిగితే దాని కొన అడుగు మేర పక్కకు పోతుంది. కాబట్టి రాయిని పగులగొట్టడం ఒక్కటే నష్టం కాదు. జరపడమూ, ఒరగనీయడమూ నష్టమే.

దీని నుంచి రక్షణకు సంబంధించిన సూత్రం ఒకటి వెలువడుతుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సమాధికి చుట్టూ చిన్న కంచె వేస్తే ఆ సమాధి భద్రమే. ముడుమాల్‌లో పెద్దరాళ్లకు ఒక్కొక్కదానికి కంచె వేసి, నడుమ నేలను వదిలేస్తే క్షేత్రం దక్కదు. రాళ్లు మాత్రం దక్కుతాయి. ఇక్కడ రక్షించవలసినది నేలను, వరుసలను, ఉదయాస్తమయాల వైపు అడ్డు లేని చూపును. అందుకు ఆ నేలను సాగుచేసుకొనే రైతులకు న్యాయమైన పరిహారం దక్కాలి. చిన్నరాళ్లతో సహా ప్రతి రాతి స్థానాన్ని కొలిచి పటం గీయాలి.

9. ముగింపు

ముడుమాల్ రాళ్లను సాధారణ ఖనన గుర్తులుగా భావించడానికి వాటి వరుసలు అడ్డు వస్తున్నాయి. వాటిని కేవలం ఖగోళ పరిశీలన సాధనాలుగా ప్రకటించాలంటే, జతలను దాటి వరుసల స్థాయిలో, హనమసాగర్ వంటి సోదర స్థలాలతో పోల్చిన కొలతలు కావాలి. స్మారకమూ కాలగణనా ఒకే ఆచారంలో కలిసి ఉండే అవకాశాన్ని సవరల ఉదాహరణ మన ముందుంచుతున్నది. యునెస్కో తాత్కాలిక జాబితా తుది గుర్తింపు కాదు; ఒక దేశం తన ప్రతిపాదనను సిద్ధం చేసుకొనే దశ. ఆ ప్రతిపాదనకు బలం చేకూర్చేది ఎత్తైన రాళ్ల ఛాయాచిత్రాలు కావు. చేనిగట్టున కుప్పగా చేరకముందే తమ తమ స్థానాలలో కొలతకెక్కిన ఆ మూడువేల చిన్నరాళ్లు.

'నిలువురాయి' అనే తెలుగు మాట ఆ రాయి ఎందుకు నిలిచిందో చెప్పదు. నిలిచి ఉన్నదని మాత్రమే చెబుతుంది. పరిశోధన పూర్తయ్యేవరకు ఈ క్షేత్రానికి తగిన పేరు అదే.